సగం మునుం

నాట్లేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. అందుకని ఆ పనిలో వెనకబడ్డ మనిషి ముందు మిగిలిపోతుంది. తోటివాళ్లంతా వెనక్కి జరిగిపోతే, అటూ ఇటూ నాటిన పైరు మధ్య ఒక్కతే వంగి కనిపిస్తుంది. గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న ఆసామి మొదలు కాలువ కట్ట మీద పోయే పాలబండివాడి దాకా అందరి కళ్లూ ఆమె మీదే. రేఖ భయమంతా అదే. తన అత్త జమ్ములమ్మ అట్లా ముందు మిగిలిపోకూడదు.

అందుకే ఎప్పుడూ అత్తకు ఎడమ పక్కనే నిలబడేది. కూలికి వచ్చిన ఒక్కో ఆడమనిషి వంతుకు మడిలో ఒక్కో పట్టీ వస్తుంది. దాన్నే మునుం అంటారు. ఎవరి మునుం వాళ్లది, ఎవరి పరువూ వాళ్ల మునుంలోనే. రేఖ తన మునుం నాటుకుంటూనే కుడిచెయ్యి కాస్త సాగదీసి అత్త మునుంలో కూడా నారు గుచ్చేది. పోయిన యాసంగి నాట్లలో అంచున ఒక్క మొక్కతో మొదలైంది ఆ అలవాటు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ చెయ్యి దానంతటది పోయి దానంతటది వస్తున్నది. అది ఎంత దూరం పోతున్నదో రేఖ ఎన్నడూ చూసుకోలేదు. చూసుకుంటే భయమేస్తుందనేమో.

జమ్ములమ్మ మాత్రం నోరు కట్టుకుని పనిచేసే రకం కాదు.

"ఏందే శైలజా, కొత్త పెండ్లికూతురు లెక్క అడుగుల అడుగేస్తున్నవ్? నా మునుం సూడు, ఎట్ల సాగిందో!"

శైలజ ఆమెకు అవతలి పక్కన నాటుతున్న పడుచు. రేఖ వైపు ఓరగా చూసి, నవ్వి, తలదించుకుంది. ఆ చూపుకు రేఖకు చెవులు వేడెక్కాయి. తెలిసినవాళ్లు నవ్వి ఊరుకుంటే, వాళ్లు తిట్టినదానికంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ శుక్రవారం వాళ్లు అమరచింత అవతల, కాలువ కింద దశరథం మడిలో ఉన్నారు. పొద్దు వాలుతుండగా జమ్ములమ్మ కాలు పిక్క దాకా దిగబడింది. లాగబోయి, తూలి, అట్లాగే వెనక్కి బురదలో కూలబడింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నాట్లలో ఇది రోజూ ఎవరికో ఒకరికి జరిగేదే, కూలబడ్డవాళ్లు తిట్టుకుంటూ లేస్తారు.

జమ్ములమ్మ లేవలేదు. చేతులు ఆనించింది, చేతులు దిగబడ్డాయి. మోకాలు మడిచింది, మోకాలు వణికింది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం రేఖను వెతికాయి. రేఖ నారుకట్ట వదిలేసి, చంక కింద చెయ్యేసి లేపింది. లేపుతూ రెండో చేత్తో ముంజేయి పట్టుకుంటే, ఆ చేతి వెండి కడియం జారి రేఖ అరచేతిలోకి వచ్చేసింది. పోయిన క్రిస్మస్‌కు మెరుగు పెట్టించడానికి సబ్బు రాసి, ఇద్దరు కూర్చుని లాగిన కడియం అది.

రేఖ దాన్ని గబుక్కున కొంగులో ముడేసుకుంది. కానీ గట్టు మీద నుంచి తిమ్మమ్మ చూసింది.

తిమ్మమ్మ ఆ జట్టుకు పెద్ద. ఆసాములతో ఎకరాలు గుత్తకు మాట్లాడేది, ఆటో పిలిచేది, కూలి పంచేది ఆమే. వరసకు జమ్ములమ్మకు చెల్లెలు. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైనా బాగుండు, తిట్టుకుని ఊరుకోవచ్చు. రేఖ కాలువలో కాళ్లు కడుక్కుంటుంటే తిమ్మమ్మ పక్కకు వచ్చి నిలబడింది.

"అక్కను రేపటి నుంచి ఇంటికాడ ఉంచు."

"కాలు దిగబడ్డది చిన్నత్తా. ఎవరికైన దిగబడ్తది."

"దిగబడుడు కాదే, లేవకపోవుడు సూసిన. గుత్త పని ఇది. పోరీలు గునుగుతున్నరు. ఇన్నేండ్లు ఒంగి ఒంగి చేసింది, ఇగ జర నడుం వాల్చనియ్యి."

నడుం వాల్చడం అన్న మాట వినగానే రేఖకు కాళ్ల కింద నీళ్లు మరీ చల్లగా తగిలాయి. వాళ్లింట్లో ఒక నులకమంచం గోడకు నిలబెట్టి ఉంటుంది. మామ శాంతయ్య దాని మీద కొన్నాళ్లు నడుం వాల్చాడు. ఆ కొన్నాళ్లలో నడవడం మానాడు, తర్వాత కూర్చోవడం మానాడు, చివరికి ఒత్తిగిల్లడం కూడా ఇంకొకరి పనైంది. ఆయన పోయాక ఆ మంచాన్ని ఎవరూ వాల్చలేదు.

ఆ సాయంత్రం రేఖ అత్తను మొదటిసారి చూసినట్టు చూసింది. గడప మీద నుంచి లేవడానికి ముందు ఆమె ఒక్క క్షణం ఆగుతుంది, ఏదో ఆలోచిస్తున్నట్టు. తర్వాత గోడకు అరచెయ్యి ఆనిస్తుంది. బిందె ఎత్తేముందు అందులో నీళ్లు కొన్ని వంచేస్తుంది. బువ్వ తినేటప్పుడు కింద కూర్చోదు, తలుపుకు ఆనుకుని నిలబడి, పచ్చిపులుసు కలుపుకుని నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకుంటుంది. గుడ్డు వండితే మనవరాలి పళ్లెంలోకి పోతుంది.

"అత్తా, కూసోని తినరాదు?"

"కూసుంటే బువ్వ ఎక్కువ దిగుతదా? కడుపు నిండింది పో."

ఇవన్నీ కొత్తవి కావు. ఎప్పటి నుంచో కళ్ల ముందే ఉన్నాయి. రేఖకు తన మీద తనకే కోపమొచ్చింది. తిమ్మమ్మ మాట ఎట్లా చెప్పాలో తెలియక, ఆ సాయంత్రం చెప్పనేలేదు. ఆ పిరికితనానికి మర్నాడు జమ్ములమ్మ అందరి ముందూ మూల్యం చెల్లించింది.

పొద్దున్నే ట్రాలీ ఆటో చర్చి మలుపు దగ్గర ఆగింది. జమ్ములమ్మ టిఫిన్ డబ్బా కొంగులో మూటగట్టుకుని అందరికంటే ముందు వచ్చింది. ఆటో వెనక పలక ఎత్తుగా ఉంటుంది. ఆమె పలక పట్టుకుని కాలు ఎత్తబోయింది. రేఖ చెయ్యి అప్పుడే ఆమె చంక కిందికి పోయింది. లోపల కూర్చున్న తిమ్మమ్మ వంగి, జమ్ములమ్మ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"నువ్వు ఉండక్కా ఇయ్యాల."

"ఎందుకనంగ?"

తిమ్మమ్మ రేఖ వైపు చూసింది. చెప్పలేదా అన్నట్టు. రేఖ నేల చూపులు చూసింది. లోపలున్న ఆడవాళ్లంతా డబ్బాలు సర్దుకోవడంలో మునిగిపోయారు. శైలజ పక్కకు జరిగి చోటివ్వబోయి, తిమ్మమ్మను చూసి ఆగిపోయింది.

"జర ఆరాం చెయ్యక్కా. ఒళ్లు మంచిగైనంక వద్దువు."

"నా ఒళ్లుకేమైంది?"

జమ్ములమ్మ రెండోసారి అడగలేదు. పలక మీద నుంచి చెయ్యి తీసి, కొంగు దులుపుకుని, ఇంటి దారి పట్టింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. గోడ పక్కనే నడుస్తున్నదని, ఒక చెయ్యి గోడకు దగ్గరగా పెట్టుకుని నడుస్తున్నదని అప్పటికి ఆటో ఎక్కి కూర్చున్న రేఖ చూసింది. దిగి వెంట పోవాలనిపించింది. దిగితే తన చోటు కూడా పోతుందన్న భయం పట్టి కూర్చోబెట్టింది.

ఆ రోజు మడిలో రేఖకు కుడి పక్కన శైలజ మునుం పట్టింది. వంగి పని మొదలుపెట్టారు. వెనక్కి అడుగు, వంగి గుచ్చడం, మళ్లీ అడుగు. కాసేపటికి శైలజ నడుం ఎత్తి నిలబడింది.

"వదినె, నా మునుంలకు ఎందుకొస్తున్నవ్?"

రేఖ తలెత్తింది. ఆమె ముందు నాటిన వరసలు సాగి ఉన్నాయి. తన మునుం దాటి, శైలజ మునుంలోకి పోయి, సరిగ్గా నడిమధ్య దాకా ఆమె చేతి నాటు పాకి ఉంది. శైలజకు పెట్టడానికి చోటు సగమే మిగిలింది.

ఒకటో రెండో మొక్కలు అనుకున్నది. సగం. ఇన్నాళ్లూ అత్త మునుంలో సగం తనే నాటుతున్నది. చెయ్యి తనకు చెప్పకుండా సగం దాకా పోయింది, ఆమె ఒంట్లో సగం సత్తువ ఎవరికీ చెప్పకుండా పోయినట్టే. ఒక్కసారన్నా ఆమెను ముందు మిగలనిచ్చి ఉంటే ఎప్పుడో తెలిసేది. పరువు కాపాడుతున్నాననుకుని రోగాన్ని దాచిపెట్టింది. రేఖకు బురదలోనే కూర్చుని ఏడవాలనిపించింది. ఏడవలేదు, గుత్త పని.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం వాల్చి ఉంది.

హైదరాబాదులో సెంట్రింగు పని చేసే రేఖ భర్త స్టీఫెన్ రెండు వారాలకోసారి వస్తాడు. ఆ మధ్యాహ్నమే దిగాడు. దిగినవాడు తల్లి సంగతి విన్నాడు, మంచం నులక బిగించాడు, దులిపాడు, తన కొత్త దుప్పటి పరిచాడు. దాని మీద జమ్ములమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. స్టీఫెన్ ముఖంలో ఒక మంచి పని చేసిన తృప్తి.

"ఇగ నా తల్లి కూసోని తింటది. కొడుకు సంపాయిస్తుంటె తల్లిని బురదలకు తోలుతరా అని నన్ను కదా అనేది."

"మంచమెందుకు వాల్చినవ్?" రేఖ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పండుకునేతందుకు. మంచం ఇంక దేనికుంటది?"

"మామ కూడ గిట్లనే పండుకున్నడు."

స్టీఫెన్ ముఖం మాడింది. "మా నాయినకు ఒళ్లు బాగలేకుండె. అమ్మకు ఏమైంది? ముసలితనం. అందరికి వస్తది."

రేఖ కొంగు ముడి విప్పి కడియం అతని చేతిలో పెట్టింది. "చెయ్యి నుంచి ఊడి వచ్చింది" అన్నది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తల్లి వీపు వైపు చూశాడు. కానీ సోమవారం తెల్లవారి బస్సుకు పోతూ, "దిగనియ్యకు అమ్మను, యాడన్న పడ్తది" అనే చెప్పాడు. అతనిది ప్రేమే. ఆ ప్రేమంటేనే రేఖకు వణుకు పుట్టింది.

బస్సు పోయిన తర్వాత ఆమె తిమ్మమ్మకు రాలేనని కబురు పంపి, అత్తను పల్లె దవాఖానకు తీసుకుపోయింది. జమ్ములమ్మ దారంతా గొణిగింది, జ్వరం లేదు, దగ్గు లేదు, దవాఖానల ఏమని చెప్తవు అని. రేఖకూ అదే అనుమానం. ఏమని చెప్పాలి? మునుం సగమైందని చెప్పాలా?

నర్సు పద్మజకు అదే చెప్పింది. పద్మజ నవ్వలేదు. చేతిపట్టు చూసింది, బరువు తూచింది, ఏం తింటున్నావని అడిగింది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి గోడకు ఆనించి వేసింది.

"కూసో అవ్వా. చేతులు రెండు గుండె మీద కట్టుకో. దేన్ని పట్టకుండ లెవ్వు."

జమ్ములమ్మ ముందుకు వంగింది. రేఖ చెయ్యి చంక కిందికి పోయింది. ఆమె లేచి నిలబడింది.

"నువ్వు కాదమ్మా. ఆమె లెవ్వాలె. నువ్వు పక్కకు జరుగు."

మళ్లీ కూర్చోబెట్టింది. జమ్ములమ్మ వంగింది. రేఖ ఒక అడుగు ముందుకొచ్చేసింది. చెయ్యి మళ్లీ అక్కడే ఉంది. పద్మజ విసుక్కోలేదు, రేఖ రెండు చేతుల్లో మందుల డబ్బా ఒకటి పెట్టి, "ఇది పట్టుకోని ఆ మూలకు నిలవడు" అన్నది. తను మాత్రం ముసలామె పక్కనే, తాకకుండా నిలబడింది.

జమ్ములమ్మ వంగింది. తొడలు బిగిశాయి. పిరుదులు కుర్చీ నుంచి కాస్త లేచి, మళ్లీ కుర్చీలో పడ్డాయి. ఇంకోసారి చూసింది. మళ్లీ పడ్డాయి. బయట ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. జమ్ములమ్మ నర్సును చూడలేదు. మూలన డబ్బా పట్టుకుని నిలబడ్డ కోడలిని చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు, దొరికిపోయిన పిల్ల సిగ్గు ఉంది.

"ఇది ముసలితనమని ఇడిసిపెట్టేది కాదు" అన్నది పద్మజ. "తొడల బలం పోతున్నది. ఒళ్లు కరుగుతున్నది. ఇంక నడుస్తున్నవ్, ఇంక పని చేస్తున్నవ్ కాబట్టి ఇప్పుడే పట్టుకుంటె మళ్ల తెచ్చుకోవచ్చు. మంచమెక్కినంక పట్టుకుంటె శాన కష్టం. రక్తం తీసి పంపిస్త, ఇంకేమన్న ఉన్నదేమో డాక్టరు సారు సూస్తడు. అప్పటిదాక ఊకె పండుకోవద్దు. గుడ్డు నువ్వు తిను. పప్పు తిను, పల్లీలు నానవెట్టుకోని తిను. రోజు లేసుడు కూసునుడు చెయ్యాలె. ముందు ఎత్తు మీద నుంచి, తర్వాత కొంచెం కిందికి."

"పడ్తే?" అన్నది రేఖ.

"గోడ పక్కన చెయ్యనియ్యి, నువ్వు దగ్గరుండు. పడబోతే పట్టుకో. పడకముందే పట్టుకోకు." ఒక్క క్షణం ఆగి అన్నది. "నువ్వు లేపినప్పుడల్ల ఆమె తొడలు చేసే పని నీ చెయ్యి చేస్తున్నదమ్మా."

నేల మీద చాప పరిచి, కూలబడితే ఎట్లా లేవాలో కూడా చూపించింది. వెనక్కి చేతులు ఆనించకూడదు. పక్కకు తిరిగి మోకాళ్ల మీదికి రావాలి, ఒక పాదం ముందుకు వెయ్యాలి, ఆ మోకాలి మీద రెండు అరచేతులూ పెట్టి నొక్కి లేవాలి. జమ్ములమ్మ చంటిపిల్లలా పాకడానికి సిగ్గుపడింది కానీ చేసింది.

తిరిగి వస్తూ జొన్నచేను గట్టు దగ్గర జమ్ములమ్మ ఆగింది, ఆయాసానికి.

"నాకు ఎరికే" అన్నది.

"ఏంది?"

"నువ్వు నా మునుంల నాటేది. నా నాటు నేను ఎరగనా? నా మొక్క జర ఒంగి ఉంటది, నువ్వు బొటనవేలు పెట్టి నొక్కుతవ్, నీది నిట్టగ నిలవడ్తది. నా మునుంల దినాం నీ మొక్కలే పెరగవట్టె."

రేఖ ఆమె వైపు తిరిగింది. "మరి ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే మంచం వాలుస్తరు కదా బిడ్డా." కాసేపు చేను వైపు చూసింది. "శైలజను ఊకె ఎందుకు ఎక్కిరిస్తుంటినో ఎరికేనా? నోరు నడుస్తుంటె కాళ్లను ఎవ్వరు సూడరని."

రేఖ ఏడ్చేసింది. గట్టు మీదే, దారిన పోయేవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. జమ్ములమ్మ కొంగుతో కోడలి ముఖం తుడిచి, ముందు నడిచింది.

ఇంటికి రాగానే రేఖ దుప్పటి మడిచి, మంచాన్ని మళ్లీ గోడకు నిలబెట్టింది. కాళ్లు కదలకుండా రెండు రాళ్లు అడ్డం పెట్టి, గోడకున్న కొక్కేనికి తాడేసి కట్టింది. ఆ రోజు నుంచి జమ్ములమ్మ దాని కోడు పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగేది. పక్కనే రాతి అరుగు మీద పాత గొంగళ్లు మడిచి వేసుకుని, దాని మీద నుంచి లేచేది. గుడ్డు తినడానికే ఎక్కువ గొడవైంది. మనవరాలి పళ్లెంలో ఒకటి, ఆమె పళ్లెంలో ఒకటి పెట్టి, ఇద్దరూ తినేదాకా రేఖ అక్కడి నుంచి కదిలేది కాదు. స్టీఫెన్ ఫోన్ చేస్తే, మంచం దిగిందా అని అడిగేవాడు. రేఖ దిగిందని చెప్పేది. అతను కోప్పడేవాడు. రక్తం తక్కువుందని డాక్టరు మాత్రలు పంపాడు.

అత్త లేచినప్పుడల్లా రేఖ చేతులు ముందుకు దూకేవి. వాటిని వీపు వెనక కట్టుకుని నిలబడేది. సాయం చెయ్యడం ఇంత సులువని, చెయ్యకుండా ఉండడం ఇంత నరకమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తను తప్పు చేస్తున్నానేమో, ఒక్కసారి పడి నడుం విరిగితే స్టీఫెన్‌కు ముఖం ఎట్లా చూపించాలో అని ఒకటే పరేషాన్.

అరుగు మీద గొంగళ్లు ఒకటికి తగ్గిన రోజు జమ్ములమ్మ ఎవరికీ చెప్పకుండా తిమ్మమ్మ ఇంటికి నడిచిపోయింది. రేఖ వెతుక్కుంటూ పోయేసరికి వాకిట్లో ఇద్దరూ ఎదురుబొదురు ఉన్నారు.

"సగం మునుం ఇయ్యి తిమ్మీ. సగం కూలే ఇయ్యి."

"సగం మునుం యాడన్న ఉంటదా అక్కా?"

"ఇన్ని దినాలు ఉండెకదా. నేను నాటింది సగమే. నీకు ఎరికే, వీళ్లందరికి ఎరికే, నాకూ ఎరికే. అప్పుడు దొంగతనంగ నాటిన, ఇప్పుడు అడిగి నాటుత."

తిమ్మమ్మ చాలాసేపు చీర అంచు నలుపుకుంటూ కూర్చుంది. "గెట్టు పక్కకు నిలవడు మరి" అన్నది చివరికి. "కాలు లోతుల పెట్టకు."

చివరి మడి నాట్లకు జమ్ములమ్మ గట్టు పక్కన సగం మునుం పట్టింది. ఆమెకూ రేఖకూ నడుమ తిమ్మమ్మే వచ్చి నిలబడింది. రేఖ చెయ్యి అందకూడదని కావాలనే చేసిందేమో. వరసలు సాగాయి. జమ్ములమ్మ నెమ్మదిగా, కాస్త వంగిన తన మొక్కలు తను గుచ్చుకుంటూ, అందరితో పాటు వెనక్కి వచ్చింది. ఆ సగం మునుంలో ప్రతి మొక్కా ఆమెదే.

పొద్దెక్కాక కాలు జారింది. ఎవరూ చూడకముందే బురదలో కూలబడింది.

శైలజ కేక వేసింది. తిమ్మమ్మ చెయ్యి ముందుకు పోయింది. రేఖ ఆ చెయ్యిని పట్టుకుంది, గట్టిగా, గోళ్లు దిగేటట్టు.

"పట్టుకోకు చిన్నత్తా."

తిమ్మమ్మ ఆమె ముఖం చూసింది. తర్వాత గొంతు పెంచి, "ఏం సూస్తున్నరే? మీ మునుం మీరు సూసుకోండ్రి" అని అందరినీ గదిమి, తనూ వంగింది. అందరూ వంగారు. వెనక్కి అడుగులు పడ్డాయి.

రేఖకు వంగడం చేతకాలేదు. జమ్ములమ్మ పక్కకు తిరిగింది. మోకాళ్ల మీదికి వచ్చింది. బురద ముఖం దాకా చిందింది. ఒక పాదం ముందుకు వేసింది, అది జారింది, మళ్లీ వేసింది. మోకాలి మీద ఒక అరచెయ్యి, దాని మీద ఇంకొకటి. తొడ వణికింది. రేఖ నారుకట్టను పిండేస్తున్నది, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. యేసయ్యా అన్న మాట తప్ప లోపల ఇంకో మాట లేదు.

జమ్ములమ్మ నడుం లేచింది. ఆగింది. భుజాలు లేచాయి. నిలబడింది.

కొంగుతో ముఖం తుడుచుకుని, ఊపిరి తీసుకుని, చుట్టూ చూసింది. మడిలో అందరూ వెనక్కి జరిగిపోయారు. నాటిన పైరు మధ్య, పిండిన నారుకట్ట పట్టుకుని, కళ్ల నిండా నీళ్లతో ఒక్కతే నిలబడి ఉంది రేఖ.

"ఏందే పిల్లా," అన్నది జమ్ములమ్మ మడంతా వినిపించేటట్టు, "అందరు ఎనకకు పోయిండ్రు, నువ్వొక్కదానివే ముంగల మిగిలినవ్!"